పళ్లు పోయాయా, పోగొట్టుకుందా?

రాణిగారి పళ్లు పోయిన రోజున మా కోడలు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"నా నోరు కొంప ముంచింది అత్తయ్యా."

"ఎవరి కొంప?"

"రాణిగారిది."

మా కోడలు వృద్ధాశ్రమంలో ఆయా. రాణిగారు అక్కడ ఉండే స్పానిష్ ఆవిడ. ఎనభై దాటాయి. స్పానిష్ తప్ప ఇంకో ముక్క రాదు. మంచం మీద కూర్చున్నా సింహాసనం మీద కూర్చున్నట్టే ఉంటుందని ఆయాలంతా కలిసి ఆ పేరు పెట్టారు. మా కోడలు ఫోన్‌లో పాఠాలు విని, ఒక పుస్తకం కొని చదివి నాలుగు ముక్కలు నేర్చుకుంది కాబట్టి, ఆవిడకీ మిగతా లోకానికీ మధ్య దుబాసీ ఇదే.

ఆ రోజు పొద్దున రాణిగారి కట్టుడు పళ్లు కనిపించలేదు. మార్చిన దిండు గలీబుతో పాటు ఉతకడానికి వెళ్లిపోయి ఉంటాయని మా కోడలి అనుమానం. రాణిగారు మాత్రం చేతులు తిప్పుతూ, "సె మె పెర్దియెరొన్ లోస్ దియెంతెస్" అందట. సూపర్‌వైజర్ అక్కడే ఉంది. ఏమంటోందని అడిగింది. మా కోడలు తడుముకోకుండా, "పళ్లు పోగొట్టుకుందట మేడమ్" అని చెప్పేసింది.

"ఒంటి మీది వస్తువే పోగొట్టుకుంటోందంటే ఇక తన పనులు తను చేసుకోలేదన్న మాట. పైకి మార్చేద్దాం. గురువారం వచ్చి ఒకసారి మాట్లాడి చూస్తాను," అందట సూపర్‌వైజర్.

కింద ఎవరి గది వాళ్లది. లోపల గడియ పెట్టుకోవచ్చు. పైన ఆరుగురికి ఒకటే హాలు, తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. లేపడం, తొడగడం, దువ్వడం, పడుకోబెట్టడం అన్నీ ఆయాలే గబగబా చేసేస్తారు. రాణిగారికి ఆ సంగతి తెలిసి పొద్దుటి నుంచి కాఫీ ముట్టలేదట.

"ఆవిడ చెప్పేవన్నీ ఆ 'మె'లు, 'సె'లే అత్తయ్యా. అవే నాకు కొరుకుడు పడవు. పళ్లున్నప్పుడే సగం అర్థమయ్యేది. ఇప్పుడు పళ్లు కూడా లేవు."

"పళ్లు లేనిది ఆవిడకి కదా, కొరుకుడు పడనిది నీకేమిటి?" అన్నాను.

అది నవ్వింది. మా ఆయన పోయాక ఇంట్లో మాటలు తగ్గాయి. అది నవ్వడం నాకూ బాగుంది. "పుస్తకం తీసుకురా," అన్నాను.

నాకు స్పానిష్ రాదు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు వ్యాకరణం చెప్పాను, అంతే. బీన్స్ తుంచుతూ వంటింట్లో కూర్చున్నాం. అది చదివింది. లావో అంటే కడుగుతాను. మె లావో అంటే నన్ను నేను కడుగుతాను.

"నన్ను నేను కడుగుతాను అని ఏ మనిషైనా అంటాడా? కడుక్కుంటాను అనవూ?"

అది తుంచడం ఆపేసింది.

"పెయినో?" అన్నాను.

"దువ్వుతాను. మె పెయినో... దువ్వుకుంటాను!" అని అరిచింది. "మె విస్తో, తొడుక్కుంటాను! అత్తయ్యా, ఇది మన 'కొను'!"

"మనం వెనక తోక తగిలిస్తాం. వాళ్లు ముందు కొమ్ము తగిలిస్తారు. పశువు ఒకటే."

అప్పుడు చెప్పింది, చేరిన కొత్తలో చేసిన ఘనకార్యం. తువ్వాలు పట్టుకుని రాణిగారి ముందు నిలబడి, "మీకు స్నానం చేయిస్తాను" అనబోయి, "మె బాన్యో" అందట. అంటే, నేను స్నానం చేస్తాను అని. రాణిగారు దర్జాగా కుర్చీలో సర్దుకుని, స్నానాలగది వైపు చెయ్యి చూపించి, సబ్బు కూడా అందించి, నిదానంగా కానివ్వమందట.

ఇంతలో మా అబ్బాయి వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. చేతులు కడుక్కుంటూ, "అమ్మా, టీ పెట్టారా?" అన్నాడు.

"మీరే పెట్టుకోవాలి," అంది కోడలు. "ఇవాళ మనింట్లో అంతా కొమ్ము క్రియలే."

"ఇదేం క్రియలో కానీ, నా తలకే కొమ్ములొచ్చేట్టున్నాయి," అంటూ గిన్నె పెట్టుకున్నాడు.

కానీ తోక ఉన్నచోటల్లా కొమ్ము ఉండదు. మర్నాడు అది హుషారుగా "అనుకుంటున్నాను" అన్నచోట కూడా 'మె' తగిలించింది. రాణిగారు వేలు అడ్డంగా ఊపిందట. మనకి లేవడానికి తోక లేదు, వాళ్లకి కొమ్ము ఉంది. లేస్తారా అని అడగబోయి కొమ్ము వదిలేసి "లెవాంతో" అంటే, ఎత్తుతున్నాను అని అర్థమై, రాణిగారు రెండు చేతులా మంచం పట్టీ పట్టుకుందట.

"ఇంకో రకం ఉంది అత్తయ్యా. వీటికి మన 'కొను' అతకట్లేదు." పుస్తకం నా వైపు తిప్పింది. "సె ఫ్వె, వెళ్లాడు. సె దుర్మియో, నిద్ర... సె కయో, పడ్డాడు."

"వెళ్లిపోయాడు. నిద్రపోయాడు. పడిపోయాడు. ఇక్కడ 'పో' పెట్టి చూడు."

"పోయాడు, పోయాడు, పోయాడు..." వరసగా వేలు జరుపుకుంటూ వచ్చి, ఒక మాట మీద వేలు అలాగే ఉంచి, పేజీ తిప్పబోయింది.

"ఏమిటది?"

"ఏం లేదు అత్తయ్యా. ఇది రాదులెండి గురువారం."

"చదువు."

"సె మురియో," అంది మెల్లగా. "వార్తల్లో ఎక్కువగా ఉత్త 'మురియో' అంటారట. ఇంట్లో మనిషైతే 'సె' చేరుస్తారట."

"మనమూ అంతే కదా," అన్నాను. "పోయారు అంటాం." బీన్స్ నీళ్లలో వేసి వచ్చి కూర్చున్నాను. "తర్వాతది?"

"మె కేదో. ఉంటాను... ఉండిపోతాను."

"అది బాగా వల్లెవెయ్యి. గురువారం కావలసింది అదే."

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మె విస్తో అంటే తొడుక్కుంటాను. మె విస్తెన్ అంటే నాకు తొడుగుతారు. రెండింటికీ ముందు 'మె'యే. చివర 'ఓ' వినిపిస్తే తనే చేసుకుంటోంది, 'న్' వినిపిస్తే వేరేవాళ్లు చేస్తున్నారు. పళ్లు లేని నోట్లో ఆ చివరి అక్షరం ఉందో జారిందో పట్టుకోవాలి. ఆవిడ గది ఆ అక్షరం మీద ఉంది.

ఆఖరి రోజుల్లో ఆయనకి గడ్డం నేనే గీసేదాన్ని. నురగ పూసినప్పుడల్లా, "నేను గీసుకుంటా" అనేవారు. అందుకని ఆ పాఠం నేను కోడలి చేత చాలాసార్లు చెప్పించాను.

గురువారం తోడుగా నన్నూ రమ్మంది. చూడవచ్చే వాళ్లని రానిచ్చే వేళే. రాణిగారు పొద్దున్నే తయారై, మంచం చివర నిటారుగా కూర్చుంది. బొత్తాలు ఒకటి ఎగుడు ఒకటి దిగుడుగా ఉన్నాయి. మా కోడలు సరిచేయబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

సూపర్‌వైజర్ వచ్చి నిలబడే ఒక్కొక్కటీ అడిగింది, కోడలు స్పానిష్‌లోకి మార్చింది. "పొద్దున ఎవరు లేపుతారు?"

"మె లెవాంతో."

"తనే లేస్తుందట మేడమ్."

"బట్టలు?"

"మె విస్తో." ఆ 'ఓ' గదంతా వినిపించింది.

"తొడుక్కుంటుందట."

"ఆ బొత్తాలు చూస్తేనే తెలుస్తోంది, ఇంకెవరూ తొడగలేదని," అంది సూపర్‌వైజర్. "స్నానం?"

రాణిగారు తల దించుకుంది. "మె బాన్యాన్," అంది.

చివర 'న్' ఉంది. నాకు కూడా వినిపించింది. సూపర్‌వైజర్‌కి స్పానిష్ రాదు. చేసుకుంటుందట అంటే సరిపోయేది. మా కోడలు నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు, తల కూడా ఊపలేదు. చెప్పవలసింది తను, నేను కాదు.

"చేయిస్తారట మేడమ్," అంది కోడలు. వెంటనే రాణిగారి వైపు తిరిగి, "తోదో?" అని అడిగింది. అంతా వాళ్లేనా అని.

"నో!" రాణిగారు వీపు వైపు బొటనవేలు చూపించింది. "లా ఎస్పాల్దా. నాద మాస్."

"వీపు ఒక్కటే మేడమ్! మిగతాదంతా తనే రుద్దుకుంటుంది."

"వీపు నాకూ అందదు," అంది సూపర్‌వైజర్. "సరే. మరి పళ్లు పోగొట్టుకోవడం?"

"పోగొట్టుకోలేదు మేడమ్. నేనే తప్పు చెప్పాను. పోయాయి అంది."

"రెండింటికీ తేడా ఏమిటి?"

నేను అందుకున్నాను. "నేను బడిలో పనిచేశానమ్మా. పిల్లల పెన్సిళ్లు రోజూ పోతాయి. ఒక్కడు కూడా పోగొట్టుకోడు. ఆవిడ కూడా తన తప్పు కాదంటోంది. ఉతికేచోట అడిగి చూడండి."

సూపర్‌వైజర్ నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. మేమెందుకు నవ్వుతున్నామో తెలియక, రాణిగారు మర్యాదకి తనూ బోసిగా నవ్వింది.

"ఆఖరిసారి అడుగు," అంది సూపర్‌వైజర్. "పైన మనుషుల తోడుంటుంది. వెళ్తుందా?"

కోడలు అడిగింది. రాణిగారు మంచం మీద అరచెయ్యి ఆనించి, "మె కేదో," అంది.

"ఉండిపోతుందట," అంది మా కోడలు. ఆ 'పో' దగ్గర గొంతు కాస్త గట్టిగా పలికింది.

"ఉండనీ," అని సూపర్‌వైజర్ వెళ్లిపోయింది.

రాణిగారు కాఫీ అడిగింది. రెండు కప్పులు తాగింది. తాగాక బొత్తాలు విప్పి, తనే సరిగ్గా పెట్టుకుంది.

గది కిందదే. కానీ ఆ తర్వాత రాణిగారు స్నానం సాయంత్రానికి మార్చుకుంది, మా కోడలి డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోతుంది, సాయంత్రం ఆయాని ఆవిడ తలుపు దాటి రానివ్వదు. వీపు ఎవరు రుద్దాలన్నది ఇంకా తేలలేదు.