పదహారో వంతు వెలుగు

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర. పిచించా కొండ పడమటి వాలున, మా విడిది ఇంటి వెనక వరండాలో ఉన్నవారు: నా భర్త రెమీహియో, అత్తగారు దొన్యా ఒర్తెన్సియా, ఒప్పందపు కాగితం పట్టుకుని కీటో నుంచి వచ్చిన ప్రచురణకర్త మాగలి. "అందరం ఉన్నాం కదా, మొదలుపెడదాం" అని రెమీహియో అన్నప్పుడు నేను గరాటు పెట్టి సీసాల్లోకి పంచదార నీళ్ళు పోస్తున్నాను. కనుక నాలుగో మనిషిగా నన్ను నేనే చేర్చుకుంటున్నాను: ఎల్వీరా తిపాన్, నలభై ఏడేళ్ళు, వృక్షశాస్త్ర పట్టభద్రురాలు.

మా తోటకు హమ్మింగ్ పిట్టలు వస్తాయి. వాటిని ఫొటో తీసుకోవడానికి మనుషులు వస్తారు. పిట్టలకు ఇరవై నాలుగు సీసాలు. ఒక వంతు పంచదార, నాలుగు వంతుల నీళ్ళు. రోజూ ప్రతి సీసా గొంతులోనూ సన్నని బ్రష్ తిప్పి కడగాలి. లేకపోతే బూజు పట్టి, నాలుకలు వాచి పిట్టలు చచ్చిపోతాయి. పదహారేళ్ళుగా ఈ పని నాది. "మా ఆవిడ పంచదార కలుపుతుంది, నేను ఫొటోలు తీస్తాను" అని రెమీహియో అతిథులకు చెబుతాడు. ఒకసారి భోజనాల బల్ల దగ్గర, "యూనివర్సిటీ దాకా వెళ్ళి నాలుగింటికి ఒకటి లెక్క నేర్చుకొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను వాళ్ళ గిన్నెల్లో వేడి వేడి బంగాళాదుంప చారు పోశాను.

ఆయన చెప్పని సంగతులున్నాయి. ఫొటోలో కనిపించే పువ్వు కొమ్మకు పూసిన చోట ఉండదు. పురుగు తొలవని పువ్వును తెల్లవారకముందే వెతికి కోసి, తీగతో కర్రకు కట్టి, పిట్ట మెడ వెలుగుకు ఎదురుపడేలా దాన్ని కాస్త పక్కకు వంచేది నేను. ఎదురు వెలుగు తగలకపోతే ఆ మెడ రంగు నల్లగా చచ్చిపోతుంది. సిరంజితో పువ్వు గొంతులోకి తీపి నీళ్ళు ఎక్కించేదీ నేనే. వెనక మసకగా కనిపించే అడవి, కిటికీలకు వేయగా మిగిలిన రంగుతో నేను పూసిన చెక్క. పెళ్ళైన కొత్తలో ఆయన నాలుగు ఫ్లాష్‌లనూ పూర్తి బలంతో వెలిగించేవాడు. రెక్కలు బూడిద చల్లినట్టు వచ్చేవి. "ఈ కొండ పిట్టలే అంత, కుదురు లేదు" అనేవాడు. ఫ్లాష్‌తో వచ్చిన చిన్న పుస్తకాన్ని మా ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. పూర్తి బలంలో వెలుగు ఎక్కువసేపు మండుతుంది, ఆలోగా రెక్క కదిలిపోతుంది. పదహారో వంతుకు తగ్గిస్తే వెలుగు ఎంత చప్పున ఆరిపోతుందంటే రెక్క ఆగినట్టే. తగ్గిన వెలుగు చాలాలంటే దీపాలను పువ్వుకు దగ్గరగా దించాలి. ఆయన సంతకు వెళ్ళిన ఒక రోజున అలా అమర్చి పెట్టాను. సాయంత్రం వచ్చి నాలుగు ఫొటోలు తీసి, "చూశావా, నా చెయ్యి కుదిరింది" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఈరోజు నాకున్న కోపంలో సగం ఆ మాట్లాడకపోవడం మీదే.

మాగలి తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: పుస్తకంలో నలభై ఫొటోలు, అన్నీ రెమీహియోవి. అడుగున "సహాయకురాలు" అని ఒక గీత, నా సంతకానికి. ఆ ఫొటోల మీద నాకు ఏ హక్కూ లేదని దాని అర్థం. అట్ట మీదికి కత్తిముక్కు పిట్ట ఫొటో ఒకటి కొత్తగా తీయాలి.

"మాటవరసకి ఒక సంతకం అంతే, ఎల్వీరా. ముందు కాఫీ పట్రా" అన్నాడు రెమీహియో.

వంటింట్లో ఉండగా ఆయన గొంతు వినిపించింది. "అట్ట బొమ్మ కదండీ, వెలుగు దండిగా ఉండాలి." ఆరుసార్లు ఫ్లాష్‌లు వెలిగాయి.

"రెక్కలు పొగలా ఉన్నాయేమిటండీ?" అంది మాగలి.

"ఇవాళ పిట్టకి తొందరెక్కువ... ఎల్వీరా! పువ్వు వంకరగా కట్టావు, వచ్చి చూడు!"

పువ్వు వంకరగా లేదు. ఎర్రటి వేలాడే ఉమ్మెత్త, నేను కట్టినది కట్టినట్టే ఉంది. నాలుగు ఫ్లాష్‌లూ పూర్తి బలంలో ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ పదహారో వంతుకు తిప్పి, జానెడు దూరానికి దించి, పువ్వులోకి తీపి నీళ్ళు ఎక్కించాను. బల్ల మీది కెమెరా రిమోట్ కోసం ఆయన చెయ్యి చాపాడు. నేను దాన్ని బీన్స్ గింజలు వలుచుకుంటున్న అత్తగారి ఒళ్ళో పెట్టాను.

"అత్తయ్యా, పిట్ట ముక్కు పువ్వులో పెట్టగానే ఇది నొక్కండి."

"నేనా? నాకు టీవీ పెట్టడమే రాదు కదే!"

"ఆవిడకెందుకు, ఇలా ఇవ్వు."

"ఉండరా, కోడలు నాకిచ్చింది" అంది అత్తగారు, చేతులు శాలువాకి తుడుచుకుంటూ.

ఒంటి కంటే పొడుగైన ముక్కుతో పిట్ట వచ్చింది. అత్తగారు "ఓరి దేవుడా!" అంటూ నొక్కేసింది. కెమెరా తెరమీద రెక్కలో ఏ ఈకకా ఈక విడివిడిగా నిలబడింది. ముక్కు మీద పుప్పొడి కూడా లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది.

"ఇదే అట్ట" అంది మాగలి.

"అయితే దీనికింద అత్తయ్య పేరు వేయండి. నొక్కింది ఆవిడే" అన్నాను.

రెమీహియో పగలబడి నవ్వాడు. "ఏం మాటలే అవి! అమ్మ ఊరికే బటన్ నొక్కింది!"

ఎవరూ నవ్వలేదు. అత్తగారు మరో కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, ఏ కోపమూ లేకుండా కొడుకుని అడిగింది.

"మరి ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేంట్రా?"

మాగలి నావైపు తిరిగింది. "మిగతా నలభైకీ దీపాలు ఎవరు పెట్టారు?"

"ఆయన్నే అడగండి. ఏ బలంలో పెట్టారో కూడా అడగండి."

రెమీహియో కటకాన్ని తుడవసాగాడు. అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని చాలాసేపు తుడిచాడు.

నేను బల్ల మీది కాగితం తీసుకుని "సహాయకురాలు" అన్న మాట కొట్టేశాను. దాని పైన "కూర్పు, వెలుగు: ఎల్వీరా తిపాన్" అని రాసి, సంతకం చేశాను.

"ఆయన ఎప్పుడు సంతకం పెడతానంటే అప్పుడు నన్ను అడగమనండి. కాగితం నా దగ్గరే ఉంటుంది" అని మాగలితో చెప్పాను.

"మరి రేపటి సీసాల సంగతి?" అన్నాడు రెమీహియో, చాలా నెమ్మదిగా.

"నాలుగింటికి ఒకటి. బ్రష్ తొట్టి పక్కన ఉంది" అని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సిరంజి ఉండే నా ఏప్రన్ జేబులో దాచుకున్నాను.