బొండాం వంతు

నర్సరీ పిల్లలకు అక్షరాలకంటే ముందు చెవి తయారు కావాలి. అందుకే రోజూ గుండ్రంగా, ఎవరి చాప మీద వాళ్లను కూర్చోబెట్టి ప్రాస ఆట ఆడిస్తాను. ఒకరు 'బొమ్మ' అంటే పక్కవాళ్లు 'కొమ్మ' అనాలి, ఆ పక్కవాళ్లు 'రెమ్మ' అనాలి. మేం బొండాం అని పిలుచుకునే బుడతడు మాత్రం ఏ మాటకైనా 'పిల్లి' అనేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు.

"ఒరే, నీ నోట్లో పిల్లి తప్ప ఇంకేం లేదా?" అని నేను విసుక్కునేదాన్ని.

పోయిన వారం పాడు జ్వరం వాణ్ణి పొట్టన పెట్టుకుంది.

ఇవాళ మేం ఆటలో ఉండగా, వాడి సంచీ తీసుకెళ్దామని వాళ్లమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. 'రెమ్మ' తర్వాత వంతు వాడి ఖాళీ చాపది. నేను దాటించబోయాను. పిల్లలు ఊరుకోలేదు. అందరూ కలిసి వాడి బదులు 'పిల్లి' అన్నారు. ఎవరూ నవ్వలేదు.

"పిల్లి కాదర్రా," అంది వాళ్లమ్మ మెల్లగా. "ఆసుపత్రిలో నేర్చుకున్నాడు. 'నిమ్మ' అట. నువ్వు చెప్పకు, టీచర్‌కి నేనే చెప్తా అన్నాడు."