బండి ఆపిన ఓదెలు

రేడియేటరులో మూడో చెంబు నీళ్లు పోసి, మూత బిగించి, ఓదెలు లారీ చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. రోజూ అంతే. ఒక్కో చక్రం దగ్గర ఆగి, ఇనుప రాడ్‌తో టైరును కొట్టి, తల వంచి ఆ చప్పుడు వినాలి. గాలి నిండుగా ఉన్న టైరు ఖంగుమంటుంది, తగ్గింది మొద్దుగా పలుకుతుంది. ఆ తెల్లవారుజామున ఆరు చక్రాలూ ఖంగుమన్నాయి. రాత్రి కురిసిన చిత్త కార్తె వాన, సిమెంటు బస్తాల మీద కప్పిన టార్పాలిన్ మడతల్లో గుంటలు కట్టి ఉంది. మోచేత్తో కిందినుంచి ఎత్తి ఆ నీళ్లు పారబోశాడు.

ముప్ఫై రెండేళ్ల మనిషి. పొట్టివాడు, మెడ కురచ. ఎప్పుడూ కిటికీ మీద ఆనే కుడి మోచెయ్యి ఎడమదానికన్నా రెండింతలు నలుపు. లక్సెట్టిపేట బజారులో ఓదెలు ఎవరంటే జనం కాసేపు ఆలోచిస్తారు. లారీని చూపిస్తే మాత్రం, "ఓ, ఆయనేనా!" అంటారు.

ఆ లారీ పాత బెడ్‌ఫోర్డ్. వేలంలో కొన్నప్పుడు దానికి తలుపుల్లేవు, అద్దాల్లేవు, ఇంజను చుట్టూ పిచ్చి తీగలు అల్లుకుని ఉన్నాయి. సేఠ్ బండి నడుపుతూనే, సెలవు దొరికిన ప్రతిరోజూ దాని కింద వెల్లకిలా పడుకుని, రెండేళ్లలో దాన్ని మనిషిని చేశాడు. ఆ రెండేళ్లూ వాన మొగులు పట్టినప్పుడల్లా అతని భార్య కొమురవ్వ విప్పిన సామాన్లన్నీ ఇంట్లోకి మోసింది. జన్నారం టేకుతో వెనక బాడీ కట్టించాడు. నిర్మల్ నుంచి వచ్చిన నకాషీ బొమ్మల పనివాడొకాయన తలుపుల మీద తామరపూలు వేశాడు. ఆ పూల కింద పెద్ద అక్షరాలతో మంచిర్యాల ట్రాన్స్‌పోర్టు కంపెనీ పేరు ఉంటుంది. లారీ ఓదెలుది, లోడ్లు కంపెనీవి. వాళ్లు చెప్పిన సరుకును చెప్పిన ఊళ్లో దింపితే కిరాయి ఇస్తారు. ఆ ఒప్పందం కాగితం మీద అతను వేలిముద్ర వెయ్యలేదు. సంతకం పెట్టాడు. అది నేర్చుకోవడానికి నెల పట్టింది.

బండి మొదటిసారి కదిలిన రోజు దానిలో సరుకు వెయ్యలేదు. తల్లి బాలవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని గోదారి ఒడ్డుదాకా తిప్పి తెచ్చాడు. అతని తండ్రి ఇరవై ఏళ్లు దొర ఎడ్లబండిని పక్కన నడుస్తూ తోలాడు కానీ ఆమెను దాని మీద ఒక్కసారీ ఎక్కించుకోలేకపోయాడు. బాలవ్వ దిగుతూ, "మీ బాపు నడుసుడే నడిశిండు బిడ్డా," అంది.

అది జరిగి పదకొండు రోజులు.

"ఉస్తాదును జర పైలంగ ఎక్కించు. ఆయనకు మెట్టు కండ్లవడ్తలేదు," అంది కొమురవ్వ, జొన్నరొట్టెల మూట అందిస్తూ.

ఉస్తాద్ అంటే మహమూద్. పోలీసు చర్య జరిగిన ఏడాది, పదిహేడేళ్ల ఓదెలు ఊరు విడిచి వస్తే క్లీనరుగా చేర్చుకుని, స్టీరింగు పట్టడం నేర్పినవాడు. ఇప్పుడు కళ్లకు పొర కమ్మింది, భార్య పోయింది. భైంసాలో ఉన్న బిడ్డ ఖుర్షీద్, తన దగ్గరికే వచ్చి ఉండమని కబురు పంపింది. ఇక అక్కడే ఉంటాడు.

"జర దూరం నడుపుతవా ఉస్తాద్?" అన్నాడు ఓదెలు, ఆయన్ని ఎడమవైపు సీట్లోకి ఎక్కిస్తూ.

"నేను నడిపితె భైంసాకు యాడ పోతం బేటా? సీదా గోదాట్లకే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. లారీ కదిలింది.

జన్నారం దాటి అడవిలో కొంతదూరం పోయాక దారి ఒక వాగులోకి దిగుతుంది. వంతెన లేదు. నీళ్ల అడుగున పరిచిన రాళ్ల మీదుగా దాటాలి. ఆ రోజు వాగు ఎర్రగా, చెట్టుకొమ్మలను దొర్లించుకుంటూ పోతోంది. రాళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు. ఓదెలు గట్టు మీదే బ్రేకు వేశాడు.

వెనకే కంపెనీ సొంత లారీ వచ్చి ఆగింది. దానిలోనూ సిమెంటే. జీతానికి నడిపే కొండల్ స్టీరింగు ముందు ఉన్నాడు. పక్కన కంపెనీ లెక్కలు చూసే మునీం లింగమూర్తి. ఆయన గొడుగు తెరుచుకుని దిగాడు.

"ఏమాగినవ్ ఓదెలు? దింపు."

"నీళ్లు జోరుగున్నయి సారూ. జర తగ్గనీయుండ్రి."

"రేపు పొద్దుగాల భైంసల స్లాబు పోస్తరు. కాంట్రాక్టరుకు నేను మాటిచ్చిన. దింపు."

"దింపుతలేను."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఓదెలుకు వెంటనే తెలియలేదు. ఇన్నేళ్లలో ఇద్దరు సేఠ్‌ల దగ్గర పనిచేశాడు. బ్రేకులు సరిగ్గా పడవని తెలిసినా "సరే సేఠ్" అన్నాడు. జ్వరంతో ఒళ్లు కాలుతున్నా "సరే సేఠ్" అన్నాడు. కొమురవ్వకు తొలికాన్పు నొప్పులు మొదలైన పొద్దున కూడా అదే మాట అని, ఆసిఫాబాద్‌కు ఉప్పు లోడు తీసుకుపోయాడు. పుట్టిన పిల్ల నాలుగు రోజులు బతికింది. అతను అయిదోనాడు ఇల్లు చేరాడు.

లింగమూర్తి గొడుగు కర్రతో లారీ తలుపును తట్టాడు. "గిక్కడ ఎవని పేరున్నదో యాదికున్నదా? రేపటికల్లా చెరిపిస్త."

"పేరు మీది సారూ. చెరపాల్నంటె చెరుపుండ్రి. బండి మాత్రం నాది."

గొంతు పెంచలేదు. చేతులను లుంగీకి తుడుచుకున్నాడు.

లింగమూర్తి కొండల్ వైపు తిరిగాడు. కొండల్ ఓదెలును చూశాడు.

"ఆగు తమ్మీ," అన్నాడు ఓదెలు.

"నాకెక్కడిదన్నా ఆగుడు?" అంటూ కొండల్ గేరు వేశాడు. లింగమూర్తి పట్టుదలగా పక్కన ఎక్కాడు.

సగం దూరం బాగానే పోయింది. తర్వాత ఎడమ ముందు చక్రం రాళ్ల అంచు దాటి జారింది. లారీ పక్కకు ఒరిగింది, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నీళ్లు బాడీ పలకల దాకా ఎగబాకి కింది వరుసల బస్తాలను ముంచాయి. కొండల్, లింగమూర్తి బస్తాల పైకెక్కి కేకలు వేశారు. ఓదెలు మోకును టేకుచెట్టుకు కట్టి, కొసను నడుముకు చుట్టుకుని నీళ్లలో దిగాడు. ముందు మునీంను, తర్వాత కొండల్‌ను ఒడ్డుకు తెచ్చాడు. గొడుగు కొట్టుకుపోయింది.

మహమూద్ దిగి వచ్చి గట్టు బురదలో నిలబడి, కనిపించని వాగు చప్పుడు వింటున్నాడు. తడిసి వచ్చిన ఓదెలు పక్కన నిలబడగానే అన్నాడు:

"ముప్పై రెండేండ్లు నడిపిన ఓదెలూ. గా 'దింపుతలేను' అన్న ఒక్క మాట నా నోటికి రాలే."

ఓదెలు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి కూర్చున్నాడు. నలుగురూ రొట్టెలు పంచుకుని తిన్నారు. లింగమూర్తికి రెండో రొట్టె కూడా పెట్టాడు. మధ్యాహ్నానికి నీళ్లు పుల్లను విడిచి జానెడు కిందికి పోయాయి. అప్పుడు కర్ర పట్టుకుని వాగులో దిగి, ఒక్కో రాయినీ పొడిచి చూసుకుంటూ ఆ ఒడ్డుదాకా నడిచి వచ్చాడు. ఇంజను మీద నీళ్లు చిమ్మకుండా ఫ్యాను బెల్టు వదులు చేశాడు. ప్లగ్గుల మీద పాత ట్యూబు ముక్కలు చుట్టాడు. మహమూద్‌ను పక్కన, మిగతా ఇద్దరినీ బస్తాల మీద ఎక్కించుకుని, మొదటి గేరు వేసి, పెట్రోలు పెడలు మీదినుంచి కాలు తీయకుండా లారీని నీళ్లలోకి దింపాడు.

ఒరిగిన కంపెనీ లారీకి కుడివైపు బండి పట్టేంత బాట ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి, తన చక్రాన్నే చూసుకుంటూ పోయాడు. నీళ్లు తలుపు మీది తామరపూలను తాకాయి. టేకు పలకలు కిర్రుమన్నాయి. ఒకచోట వెనక చక్రం గిర్రున తిరిగి, మళ్లీ రాయిని పట్టుకుంది. ముందు చక్రాలు అవతలి గట్టు ఎక్కగానే వెనక బస్తాల మీదినుంచి కొండల్ ఈల వేశాడు. ఓదెలు మాత్రం పూర్తిగా పొడి నేల మీదికి వచ్చి, బండి ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించి అప్పుడు నవ్వాడు. గట్టిగా, క్యాబిన్ మారుమోగేలా నవ్వాడు.

తర్వాత గొలుసు వేసి రెండో లారీని కూడా లాగాడు. దాని ఇంజను ఆరేదాకా కొండల్ అక్కడే ఉండిపోయాడు. లింగమూర్తి ఓదెలు లారీ ఎక్కి, మహమూద్ పక్కన సర్దుకుని కూర్చున్నాడు. బండి కడెం, ఖానాపూర్, నిర్మల్ దాటింది.

పొద్దు వాలేవేళకు భైంసాలో సిమెంటు దిగింది. కాంట్రాక్టరు మనిషి ఒక బస్తా మీద చెయ్యి చరిస్తే పొడి దుమ్ము లేచింది. రేపు సగం స్లాబన్నా పోసుకోవచ్చన్నాడు. లింగమూర్తి ఆ దుమ్మును చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"జిన్నింగు మిల్లుల దూది బేళ్లున్నయి. రేపు మంచిర్యాలకు... తీస్కపోతవా?"

ఇన్నేళ్లలో పోతావా అని అడిగినవాళ్లు లేరు. పో అన్నవాళ్లే. ఓదెలు తొందరపడలేదు. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"పొద్దుగాల మొగులు జూసి చెప్త సారూ."

"మంచిది," అన్నాడు లింగమూర్తి. తలుపు మీది పేరు సంగతి ఎత్తలేదు.

ఖుర్షీద్ ఉండే గల్లీలో లారీ పట్టదు. గల్లీ మొదట్లో ఆపి మహమూద్‌ను చెయ్యి పట్టి దింపాడు. ముసలాయన చేతులు తలుపు మీద తడుముకుంటూ పోయి, రంగు ఉబ్బెత్తుగా ఉన్న చోట ఆగాయి.

"గిదేం పువ్వు?"

"తామర, ఉస్తాద్."

"మంచిగున్నది." కాసేపు అక్కడే చెయ్యి ఉంచాడు. "మల్ల నువ్వు గిటు వచ్చెటాల్లకు నేనుంటనో లేనో. ఫికర్ జెయ్యకు. బండి ఆపుడు నేర్చినవ్, ఇగ నీకు నేర్పేటిదేం లేదు."

ఖుర్షీద్ వచ్చి తండ్రి భుజం పట్టుకుంది. ఇద్దరూ గల్లీలోకి నడిచి మలుపు తిరిగారు. ఆయన వెనక్కి చూడలేదు. చూసినా కనిపించదు.

సరిగ్గా పడని ఎడమ తలుపు మూయబోయి ఓదెలు లోపలికి చూశాడు. ఉస్తాద్ కాళ్ల కింద పరిచిన గోనెసంచి మీద, అదే డ్రైవరు సీటయితే బ్రేకు ఉండాల్సిన చోట, దారి పొడుగునా నొక్కి నొక్కి దిగిన ఆయన కుడి పాదం గుర్తు ఒక్కటి, ఎండిన వాగు బురదతో, అచ్చు గుద్దినట్టు ఉంది.