ఎవుల పిల్ల

జయప్రకాష్ ఆటో కాశీబుగ్గ నుంచి పూండి మీదుగా అక్కుపల్లి దాకా తిరుగుతుంది. సాయంత్రం ఆఖరి ట్రిప్పులో, పూండి హైస్కూల్లో ఏడో తరగతి చదివే కూతురు షైనిని ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకుంటాడు.

షైనికి చిన్నప్పుడు మోచేతుల మీద మొదలైన సోరియాసిస్ ఇప్పుడు వీపు మీదుగా మెడ దాకా పాకింది. ఎర్రటి మచ్చలు, వాటి మీద పొట్టులా రాలే తెల్లటి పొర. అది అంటుకునే జబ్బు కాదని జయప్రకాష్‌కి తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఆ పని చేశాడు.

పూండిలో పెళ్లికి వెళ్లేవాళ్లు నలుగురు ఎక్కారు. షైని పక్కన కూర్చున్న పట్టుచీర ఆవిడ పిల్ల చేతిని చూసి చటుక్కున జరిగింది.

"సీ, ఆ సెయ్యేటి అలాగుంది? బాబూ, ఎవుల పిల్ల ఇది? ఇలాటోలని ఎక్కిత్తే మేం దిగిపోతాం."

జయప్రకాష్ అద్దంలోకి చూశాడు. షైని అప్పటికే చున్నీ లాక్కుని చెయ్యి కప్పుకుంటోంది.

"తెల్దమ్మా, దార్లో ఎక్కింది" అన్నాడు. ఆటో ఆపి, వెనక్కి తిరక్కుండానే, "పాపా, దిగి యెనకాల ఆటోకి రా" అన్నాడు.

షైని 'నాన్నా' అనలేదు. బ్యాగు తీసుకుని జీడితోట పక్కన దిగింది.

పెళ్లివాళ్లని దించి అతను పరుగున తిరిగొచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. ఇంటికెళ్తే షైని అన్నం తింటోంది. "నాన్న ఆటో నిండిపోనాదమ్మా, బస్సుకొచ్చాను" అని తల్లి దయమ్మతో చెబుతోంది. పిల్ల తన పరువు కాపాడుతోందని అర్థమై, జయప్రకాష్ గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

ఆ తర్వాత షైని ఆటో ఎక్కలేదు. నడిచే వచ్చేది. మండుటెండల్లోనూ స్వెట్టరు విప్పేది కాదు. ఆదివారం చర్చికి రమ్మంటే కడుపునొప్పి అనేది. ఒకరోజు దయమ్మ స్నానాల దడి వెనక్కి వెళ్లి కెవ్వుమంది. కొబ్బరి పీచుతో పిల్ల చేతులు రుద్దుకుంటోంది, నెత్తురు కారుతోంది.

"పోట్లేదమ్మా. ఎంత రుద్దినా పోట్లేదు."

మర్నాడే టెక్కలి తీసుకెళ్లారు. డాక్టరు భాను చర్మం చూశాక పెన్ను పక్కన పెట్టి, నిద్ర పడుతోందా, స్నేహితులున్నారా అని షైనిని అడిగింది.

"నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా తల్లీ?"

"ఎవులూ ఏటీ అన్లేదు" అంది షైని నేల చూస్తూ.

"నానే అన్నాను డాక్టరమ్మా" అన్నాడు జయప్రకాష్. జరిగింది చెప్పాడు. దయమ్మ అతని వంక ఓసారి చూసి మొహం తిప్పుకుంది. డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

"ఈ జబ్బున్న చాలామంది పిల్లలకి లోపల దిగులు కూడా ఉంటుంది. ఆయింట్‌మెంటు ఒక్కటీ సరిపోదు. పిల్లలతో మాట్లాడే మేడమ్ ఒకరున్నారు, వారం వారం తీసుకురండి. ఇంట్లో మందు మీరే రాయండి" అంది, అతని వైపు చూసి.

బస్టాండులో అతను కూతురి ముందు నిలబడ్డాడు. "తప్పయిపోనాది తల్లీ."

"ఆల్లు దిగిపోతే బేరం పోద్ది కదా నాన్నా" అంది షైని. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడు. పిల్ల నిజంగానే అతన్ని సమర్థిస్తోంది. తలెత్తి చూడలేకపోయాడు.

మర్నాడు పొద్దున దయమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాక, మందు ట్యూబు పట్టుకుని కూతురి వెనక కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ వీపు మీద అతను చెయ్యి వేసింది లేదు. షైని బిగుసుకుపోయింది.

"నీకు అసయ్యంగా లేదా?"

"లేదమ్మా."

అతనికే ఆ మాట మరీ తొందరగా వచ్చినట్టు తోచింది. అతను ఒక్కో మచ్చ మీదా మెల్లగా రాసుకుంటూ పోయాడు. పొట్టు వేళ్లకి అంటుకుంటున్నా తుడుచుకోలేదు. చాలాసేపటికి ఆ భుజాలు కాస్త వదులయ్యాయి.

"ఎడం పక్కన ఓ మచ్చ వొగ్గేసావు" అంది షైని.