పాత బొచ్చు

మూడో కుక్కకు నురుగు కడుగుతుండగా దువ్వెనమ్మకు ముందు హాల్లోంచి అరుపులు వినిపించాయి. ఆమె చెయ్యి ఆపలేదు. ఈ పశువుల ఆసుపత్రి వెనకగదిలో ఇరవై రెండేళ్లుగా నీళ్ల చప్పుడు, అరుపులు కలిపి వింటూనే ఉంది. కుక్క చెవిలోకి నీళ్లు పోకుండా అరచెయ్యి అడ్డుపెట్టి తల కడిగింది. తూముకు అడ్డంపడ్డ బొచ్చును కాలితో పక్కకు తోసింది.

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు. జేబులో ఎప్పుడూ దువ్వెన ఉంటుందని వెనకటి పెద్ద డాక్టరు సరదాగా పిలిచిన పిలుపే నిలిచిపోయింది. యాభై ఏడేళ్ల పొట్టి మనిషి. మోచేతుల దాకా సబ్బుకు ఒరిసిపోయిన చర్మం, వేళ్ల సందుల్లో మానని పగుళ్లు, ఎడమ బొటనవేలి మీద పాత కాటు మచ్చ. సాయంత్రం ఇంటికి వెళ్తే చెల్లెలు గుమ్మంలోనే నిలబెట్టి బట్టలు దులిపిస్తుంది. "నీ మీద రాలిందంతా పోగేసి ఉంటే ఈపాటికి ఇంకో కుక్క తయారయ్యేదే," అంటుంది.

అరుపుల్లో "సబ్బు" అన్న మాట తగలగానే మాత్రం దువ్వెనమ్మ కుళాయి కట్టేసింది.

"వెనకగదిలో ఏం సబ్బు రుద్దారో ఏమో! ఎలాంటి కుక్క ఎలా అయిపోయిందో చూడండి!"

ఆ గొంతు తెలుసు. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ. కుక్క పేరు చుక్క, పదకొండేళ్ల ఆడకుక్క. రెండు నెలల కిందట మొదటిసారి తెచ్చినప్పుడు పొట్ట బానలా వేలాడుతుండేది. ఒళ్లంతా ఎండుగడ్డి లాంటి బొచ్చు, తోక ఎలుక తోకలా బోడి. తొట్టెడు నీళ్లు తాగి ఇల్లంతా తడిపేది, పడుకున్నా రొప్పుతూనే ఉండేది. కుషింగ్స్ జబ్బు అన్నాడు కొత్త డాక్టరు. ఒంట్లో ఊరాల్సిన రసం ఒకటి మితిమీరి ఊరుతోందట, రోజూ గుళిక వెయ్యాలట, బతికినన్నాళ్లూ వెయ్యాలట. అంతవరకు చెప్పాడు. అంతవరకే చెప్పాడు.

తడికుక్కకు తువ్వాలు చుట్టి బోనులో కూర్చోబెట్టి దువ్వెనమ్మ హాల్లోకి వచ్చింది. పదిమంది దాకా ఉన్నారు. కౌంటరు మీద నిండా బొచ్చుతో ఒక ప్లాస్టిక్ సంచి. కింద చుక్క, వీపు మీద అక్కడక్కడా అట్టలు కట్టి ఊడుతూ, నాలుక వేలాడేసుకుని.

"ముట్టుకుంటే గుప్పెళ్లకు గుప్పెళ్లు వచ్చేస్తోంది. మొదట మందు పడలేదేమోనని పదిరోజులై ఆపేశా. అయినా ఊడుతోంది. అంటే మీ స్నానాల వల్లే కదా?"

డాక్టరు సంచి వైపు చూశాడు, ఆ తర్వాత గడియారం వైపు చూశాడు. ముప్పై దాటని మనిషి. చెడ్డవాడేం కాదు. సూది గుచ్చేముందు ప్రతి జంతువు చెవిలో ఏదో ఒకటి చెబుతాడు. మనుషులకు చెప్పడానికే తీరిక దొరకదు.

"సబ్బు సంగతి కనుక్కుంటాం మేడమ్," అన్నాడు.

దువ్వెనమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మాట పడటం కొత్త కాదు. గోరు తీస్తుంటే యజమాని సరిగా పట్టుకోక కుక్క గింజుకున్నా తప్పు ఆమెదే. ఇంటినుంచి బొచ్చులో మోసుకొచ్చిన పేలు, గోమార్లు ఇక్కడ కనపడినా తప్పు ఆమెదే. కానీ ఇప్పుడు ఆమెను కాల్చింది సబ్బు కాదు, "ఆపేశా" అన్న మాట.

ఆమె మొగుడు లారీల మెకానిక్కు. టీబీ అని తేల్చి మాత్రల పొట్లం చేతిలో పెట్టి పంపారు. రెండో రోజే మూత్రం ఎర్రగా వచ్చింది. రక్తమే పోతోందనుకుని తోటి మెకానిక్కుతో అన్నాడట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెళ్లానికి కూడా చెప్పలేదు. పొట్లం తీసుకెళ్లి పనిముట్ల పెట్టె అడుగున దాచి, మింగుతున్నానని నెలల తరబడి అబద్ధం చెప్పాడు. ఆయన పోయాక పెట్టె ఖాళీ చేస్తుంటే దొరికింది. ఆసుపత్రికి పట్టుకెళ్లి చూపిస్తే, ఆ మాత్రకు ఆ రంగే వస్తుంది, భయపడాల్సిందేం లేదు అని నర్సు చెప్పింది అప్పుడు. "అయ్యో, మీకు ఎవరూ చెప్పలేదా?" అని కూడా అంది. ఆ అయ్యోకి పదిహేడేళ్లు. ఇవాళ్టికీ తలుచుకుంటే దువ్వెనమ్మ పళ్లు కొరుకుతుంది. నర్సు మీద, డాక్టరు మీద, మూగమొద్దులా దాచిన మొగుడి మీద, పెట్టె తెరిచి చూడని తన మీద.

"సబ్బు కాదమ్మా," అంది.

"నువ్వు లోపలికెళ్లు," అన్నాడు డాక్టరు.

ఆమె కదల్లేదు. "సబ్బు పడకపోతే గోక్కుంటుంది, ఒళ్లు ఎర్రబడుతుంది. ఇది గోక్కుంటోందా?"

"లేదు," అంది పోస్టాఫీసావిడ.

"మందు వేసినన్నాళ్లు నీళ్లు తాగడం తగ్గలేదూ?"

"తగ్గింది. వారంనుంచి మళ్లీ మొదలైంది."

"చెయ్యి ఇటివ్వండి."

అడిగి ఊరుకోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని చుక్క భుజం మీద, ఊడిపోయిన చోట ఆనించింది. "పాత బొచ్చు ఎప్పుడో చచ్చింది. జబ్బుతో ఉన్న ఒంటికి దాన్ని వదిలించుకునే ఓపిక లేక అతుక్కుని ఉంది. మందు పనిచేశాక కింద కొత్తది మొలిచి పాతదాన్ని తోసేస్తోంది. తెలుస్తోందా వేళ్లకు?"

పోస్టాఫీసావిడ వేళ్లు అటూ ఇటూ కదిలాయి. "మెత్తగా ఉంది," అంది మెల్లగా. "కూనగా ఉన్నప్పటిలా."

"రంగు మారినా మారొచ్చు. నల్లగా వస్తే మళ్లీ సంచి పట్టుకుని రాకండి." ఎవరో కిసుక్కుమన్నారు. దువ్వెనమ్మ నవ్వలేదు. డాక్టరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబూ. నేను చెప్తే స్నానాలది వాగింది అంటారు. మీ నోటితో చెప్పండి."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. హాలంతా ఆయన నోటి వైపే చూస్తోంది.

"అవును," అన్నాడు చివరికి. "కొన్నిటికి మందు మొదలెట్టాక అలా ఊడుతుంది. ఇవాళ రక్తపరీక్ష చేసి మందు ఎలా మొదలెట్టాలో చూద్దాం."

"ఆ ముక్క ముందే చెప్తే ఏం పోయిందండీ?" అంది పోస్టాఫీసావిడ. గొంతులో కోపం అలాగే ఉంది, అది తగిలే మనిషే మారాడు.

దువ్వెనమ్మ వెనకగదిలోకి వచ్చి, వణుకుతున్న మూడో కుక్క ముందు కూర్చుని క్షమాపణ చెప్పుకున్నట్టు దాని పాదాలు తుడిచింది.

మధ్యాహ్నం దాటాక మేనేజరు వచ్చాడు. చేతిలో కాగితం. చికిత్స సంగతులు ఇకమీదట యజమానులతో మాట్లాడను అని రాసి ఉంది. కింద సంతకానికి గీత.

"డాక్టరుగారు చాలా బాధపడ్డారు. నలుగురిలో అలా నిలదీస్తారా ఎవరైనా?"

"మరి నలుగురిలో నా సబ్బు మీదికి నెట్టినప్పుడో?"

"అదంతా ఎందుకమ్మా ఇప్పుడు. ఒక్క సంతకం. ఒక్క ముక్క."

"ఒక్క ముక్కే," అంది దువ్వెనమ్మ. గొంతు లేపకుండా బ్రష్షును తడి రాతిబల్ల మీద పెట్టింది. "ఆ ఒక్క ముక్క చెప్పే దిక్కులేక మా ఇంట్లో మనిషి పోయాడు. నేను మాట్లాడనని రాసిస్తానా? చచ్చినా ఇవ్వను."

మేనేజరుకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. "పెట్టకపోతే రేపట్నుంచి రావద్దన్నారు," అని కాగితాన్ని రాతిబల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఇంకా రెండు కుక్కలున్నాయి. రెండింటికీ స్నానం చేయించింది. ఆఖరిది చిక్కులు పడ్డ తెల్ల బొచ్చుది. ఒక్కో చిక్కునూ మొదట్లో వేళ్లతో అదిమిపట్టి, దానికి నొప్పి తెలియకుండా విప్పుకుంటూ పోయింది. కోపం ఏమాత్రం తగ్గలేదు. గెలిచినట్టూ లేదు. చుక్కకు ఇక భయం లేదు, అది చాలు అనుకోబోయింది. చాలదు. ఇంకా ఎందరు సంచులు పట్టుకుని వస్తారో, ఎందరు రాకుండా ఇంట్లోనే మందు ఆపేస్తారో!

తూములో బొచ్చు తీసేసి, నేల కడిగి, తన కత్తెర తుడిచి చేతిసంచిలో వేసుకుంది. వెళ్తున్నానని ఎవరికీ చెప్పలేదు. వెనక తలుపు తోసుకుని వీధిలోకి నడిచింది.

రాతిబల్ల మీది తడికి మేనేజరు కాగితం అంటుకుపోయింది. రాసిన సిరా చెదిరి నీలంగా పాకుతోంది, సంతకం గీత మీద మాత్రం రెండు తెల్ల వెంట్రుకలు పడి ఉన్నాయి.