బొగ్గు పొడి కాపలా

శనివారం ఉదయం ఆరున్నరకు లాల్‌పేట్‌లో సమ్మన్న ఇంటి ముందు నిలిపిన కారు శుభ్రంగా కనిపించింది. దొంగలు పడ్డారని సమ్మన్న అరిచాడు.

కారు ఆయనది కాదు, భార్య గంగవ్వ తమ్ముడు మల్లేష్‌ది. మల్లేష్ నెల రోజులుగా నాగ్‌పూర్‌లో శిక్షణలో ఉన్నాడు. అక్కడి హాస్టల్‌లో కారు పెట్టే చోటు లేదు. ఊర్జానగర్ కాలనీలో గేటు ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, అక్కడి స్నేహితుడి దగ్గర పెడతానని మల్లేష్ అంటే సమ్మన్న ఒప్పుకోలేదు. "నేనున్న గదా, మంది దగ్గరెందుకు?" అన్నాడు. మల్లేష్ స్టీరింగ్‌కు అడ్డంగా వేసే ఇనుప కడ్డీ తాళం ఇచ్చి వెళ్లాడు. ఈ రోజే సెలవు మీద వస్తున్నాడు. కారుకు ఏమన్నా అయితే అది ఊర్జానగర్ పోతుంది. ఆపైన అత్తగారింట్లో సమ్మన్న మాట చెల్లదు.

సమ్మన్న ఆ తాళం వాడలేదు. లాల్‌పేట్‌లో బొగ్గు గని పొడి రోజూ కార్ల మీద పడుతుంది. ఎవరు చెయ్యి వేసినా గుర్తు మిగులుతుంది. అందుకే ఆయన పొడి తుడవడు, రోజూ పొద్దున్నే కారు చుట్టూ తిరిగి చూస్తాడు. పోయిన వారం ఆ సందులో రెండు కార్ల అద్దాలు పగిలాయి. ఈ కారు మీద వేలి గీత కూడా పడలేదు.

ఇప్పుడు పొడే లేదు.

"గుర్తులు దొరకొద్దని మొత్తం తుడిచి పోయిండు," అంటూ సమ్మన్న పక్కింటి కానిస్టేబుల్ వినాయక్‌ను పిలిచాడు. వినాయక్ అద్దాలు, తలుపులు, టైర్లు చూశాడు. అన్నీ ఉన్నాయి.

"రిపోర్టుల ఏం రాయాలె కాకా? చోర్ వచ్చి కారు కడిగిండనా?"

"రాయి."

"దొరికితే లోపలెయ్యను. మా ఠాణా జీపు కూడా కడిగిస్త."

అప్పుడే గంగవ్వ కూరగాయల సంచితో వచ్చింది.

"నేనే కడిగిన. తమ్మునికి బొగ్గు లారీ లెక్క చూపిస్తవా కారు?"

"ఆ పొడే నా తాళం. పలగ్గొట్టినవ్ గదనే!"

"తమ్ముడిచ్చిన తాళం కోళ్ల గూటికున్నది."

ఉంది. నెల కింద గూటి గొళ్లెం ఊడితే గంగవ్వ ఆ కడ్డీ అడ్డంగా వేసింది. సమ్మన్న దాన్ని విప్పి, కడిగి, స్టీరింగ్‌కు వేశాడు. గూటి తలుపుకు గంగవ్వ ఇటుక ఆనించింది.

మల్లేష్ మధ్యాహ్నం వచ్చాడు. తాళం లాగి చూశాడు.

"గిట్లుండాలె బావా. తాళమంటే తాళమే."

సమ్మన్న తల ఊపాడు.

ఆదివారం పొద్దున ఇటుక పక్కకు పడి ఉంది. గూట్లో ఒక కోడి తగ్గింది.

"కడ్డీ ఉన్నన్ని దినాలు ఒక్క కోడి పోలే," అంది గంగవ్వ. "నిన్న తీసి కారుకేసిండు, పోయింది."

"ఏంది బావా," అన్నాడు మల్లేష్, "నెల నుంచి నా కారుకు తాళమే లేదా?"

సమ్మన్న కారు దగ్గరికి నడిచాడు. రాత్రి కారు మీద పడిన పొడిలో, గూటి వైపు నుంచి గోడ వైపుకు పిల్లి అడుగులు ఉన్నాయి. బానెట్ మీద ఒక ఈక ఉంది.

"దొంగెవరో నా పొడి చెప్పింది. నీ కడ్డీ చెప్పిందా?"

"నెల దినాలు పొడి కారును కాసింది, కడ్డీ కోళ్లను కాసింది," అంది గంగవ్వ. "నువ్వొస్తున్నవని రెండూ ఆగం జేసినం రా తమ్మీ."

మల్లేష్ తాళం విప్పి, కడ్డీని గూటి తలుపుకు వేశాడు. కారు తాళంచెవి మళ్లీ బావ చేతిలో పెట్టి నాగ్‌పూర్ బస్సెక్కాడు. కారు లాల్‌పేట్‌లోనే ఉంది.