దొంగ కాదు, మేస్త్రీ

"స్లాబు ఇంక పచ్చిగనే ఉన్నది సారూ! కింది కట్టెలు తీస్తే కూలుతది," అని సిద్దిరాములు మేస్త్రీ మొత్తుకున్నాడు.

కాంట్రాక్టరు గంగాధరరావు వినలేదు. "ఆదివారం కాలనీ ప్రారంభోత్సవం పెట్టుకున్నాం. ముందు ఆ కట్టెలు తీయవయ్యా," అన్నాడు.

తీశాడు. స్లాబు అతని మీదే కూలింది.

పక్కనే సిమెంటు మాలు కలుపుతున్న కూలీ అండాలు వట్టి చేతులతో పెళ్లలు లాగింది. గోళ్లు చిట్లాయి. మలక్‌పేట దవాఖానకు చేర్చేలోపే మేస్త్రీ ప్రాణం పోయింది. పోలీసులొస్తే గంగాధరరావు తొణకలేదు. "వాడెవడో మాకు తెలీదండీ. మా పనివాడు కాదు. ఇనుము ఎత్తుకుపోదామని దూరినట్టున్నాడు."

కర్మన్‌ఘాట్ దారిలో, ఆ కాలనీ గేటు ముందు, మేస్త్రీ భార్య కౌసల్యమ్మ మట్టిలో కూలబడింది. "నా మొగన్ని దొంగ అంటున్రు! ఒక్కలన్న చెప్పున్రి!" కూలీలంతా తలలు దించుకున్నారు. పని పోతే ఊళ్లో కరువే గతి.

మర్నాడు గంగాధరరావు అందరినీ పిలిపించాడు. "ఆదివారం స్టేజీ మీద అండాలుకి శాలువా కప్పుతున్నాం. మా ఉత్తమ కార్మికురాలు!" అన్నాడు నవ్వుతూ.

ఎందుకో అందరికీ అర్థమైంది. మేస్త్రీ చావును దగ్గరనుంచి చూసింది ఆమే; ఆ నోరు మూయించడానికే ఈ శాలువా.

ఆ రోజు నుంచి అండాలుతో మాట్లాడినవాళ్లు లేరు. బోరింగు దగ్గరికి వెళితే ఆడవాళ్లు బిందెలెత్తుకుని పక్కకు జరిగారు. తట్ట ఎత్తడానికి చెయ్యి కలిపే మనిషి లేదు. మొగుడు పోయాక పొట్ట చేత పట్టుకుని ఇబ్రహీంపట్నం వైపునుంచి వచ్చిన మనిషి, పిల్లల్లేరు. పొద్దుగూకే వేళ గుడిసె ముందు ఒక్కతే పొయ్యి ఊదుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ వైపు వెలుగుతున్న దీపాలను చూసేది. ఆ ఇళ్లలో ఎన్నిటికో ఇటుక మోసింది. అక్కడా ఆమె ముఖం ఎరిగినవారు లేరు.

శనివారం రేకుల షెడ్డులో కూలీల మీటింగు. అండాలు వెళ్లి వెనక నిలబడింది. సంఘం పెట్టాలని తిరుగుతున్న కూలీ బిక్షమయ్య ఆమెను చూసి మండిపడ్డాడు.

"నువ్వెందుకొచ్చినవ్? మా మాటలు కాంట్రాక్టరుకు మోయనీకా?"

"నాకు గా శాలువ కావాల్ననే ఉన్నది బిక్షమయ్యా, అబద్ధమెందుకు?" అంది అండాలు. "ఇన్నేండ్లల్ల నన్ను 'ఏయ్' అన్నోళ్లే గని పేరు వెట్టి పిలిచినోడు లేడు. ఒక్క సిద్దిరాములన్ననే, 'అండాలు కలిపిన మాలైతే గోడ నిలుస్తది' అని పదిమందిల అన్నడు. గాయిన దొంగైతే, నా పనిని మెచ్చుకున్న మాట గుడ దొంగదేనా?"

ఆమెను కూర్చోమన్నవాళ్లు లేరు. ఆమె ఒక్కతే వెనక్కి నడిచింది.

ఆదివారం షామియానా కింద కుర్చీల్లో ఇళ్లు కొన్నవాళ్లు, వెనక ఎండలో కూలీలు. గంగాధరరావు శాలువా కప్పి, "రెండు మాటలు చెప్పమ్మా," అని మైకు జరిపాడు. ఆమె ముఖంలో అతనికి భయం తప్ప మరేమీ కనబడలేదు.

"నా పేరు పిలిచిన్రు, సంతోషం," అంది అండాలు. "సిద్దిరాములు మేస్త్రీ పేరు గుడ పిలువున్రి. గీ ఇండ్లు కట్టింది ఆయన. పచ్చి స్లాబు కింద కట్టెలు తీయించి చంపింది ఈ సారు. ఆయన దొంగ కాదు!"

మైకు లాగేశారు. జనం బిగుసుకుపోయారు. అంతమంది ముందు అండాలుకు ఊరిబయట రాత్రిపూట దారి తప్పినట్టయింది.

అప్పుడు వెనకనుంచి ముసలి కూలీ బుచ్చవ్వ అరిచింది. "నాతోని పనిజేసిండు! నేను తట్ట అందిస్తే గోడ వెట్టిండు!"

"నాతోని జేసిండు!" బిక్షమయ్య గొంతు.

"మాతోని! మాతోని!" కూలీలు కుర్చీల మధ్యనుంచి స్టేజీ మీదికి తోసుకొచ్చారు. కౌసల్యమ్మను ముందుకు నడిపించారు. కుర్చీల్లోంచి ఒకాయన లేచి, "స్లాబు కూలిన మాట మాకెందుకు చెప్పలేదండీ?" అని గంగాధరరావును నిలదీశాడు.

గంగాధరరావు పిలిపించిన పోలీసులు, గొడవ చేసిందని అండాలును రెక్క పట్టి జీపెక్కించారు. బుచ్చవ్వ చేతికర్ర పక్కన పడేసి తనూ ఎక్కబోయింది.

"ఏయ్ ముసల్దానా, దిగు! ఆమె నీకేమైతది?" అని గద్దించాడు ఎస్సై.

బుచ్చవ్వ అండాలు పక్కన కూర్చుని ఆమె చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

"నాతోని పనిజేస్తది," అంది.

డ్రైవరు హారను కొట్టాడు. జీపుకు అడ్డంగా దారి మీద కూర్చున్న కూలీల్లో ఒక్కరూ లేవలేదు.